కార్తీకం దాటిన మౌనం

దువ్వాడ,
మార్గశిర శుక్రవారం, పూజ అయ్యాక.

చిరంజీవి సాయిశంకర్‌కి పెద్దక్క దీవెనలు. అమ్మవారి చల్లని చూపు వల్ల ఇక్కడ మేమిద్దరం కులాసాగా ఉన్నాం. అక్కడ పుణెలో నువ్వూ, ఆశాజ్యోతీ, పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం కార్తీకంలోనే అందింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఫోన్లో "ఊఁ" "సరే" తప్ప నాకు మాట రాదని నీకు తెలుసు. కాగితం మీదయితే నిదానంగా రాస్తాను. పైగా నువ్వడిగిన దానికి అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఈ సోమవారం దొరికింది.

ముందు చిన్న ప్రశ్నలు. నా మోకాలు మెట్ల దగ్గర మాత్రమే తను ఉన్నానని గుర్తు చేస్తోంది. మిగతా వేళల్లో మంచిదే. మీ బావగారికి రిటైర్మెంటు అలవాటయిందా అని అడిగావు. ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చాక కూడా ఆయన ఏ షిఫ్టులో లేచేవారో ఆ షిఫ్టుకే లేస్తున్నారు. ఈ ఇంటికి ఫ్యాక్టరీ సైరను వినపడదు. ఆయనకు వినపడుతుంది. లేచి ఊరుకోలేక నా క్యారియరు సర్దుతారు. ఇన్నేళ్ళు నేను ఆయనకు కట్టాను, ఇప్పుడు ఆయన నాకు కడుతున్నారు. పప్పులో ఉప్పు ఎక్కువైనా తినేసి వస్తాను. చెబితే మానేస్తారేమోనని భయం.

ఇక నీ పెద్ద ప్రశ్న. మేనేజరువయ్యావు. కంపెనీవాళ్ళు నిన్ను ఏదో రిసార్టుకు పంపి, కింద పనిచేసేవాళ్ళకి కోచింగు ఎలా ఇవ్వాలో శిక్షణ ఇప్పించారు. తిరిగొచ్చి అన్నీ అలాగే చేస్తున్నావు. "అంత వివరంగా చెప్తాను పెద్దక్కా, అందరూ తల ఊపుతారు, మర్నాడు మళ్ళీ అదే తప్పు" అని రాశావు. "నువ్వు నోరు విప్పవు, అయినా నీ వాళ్ళు నేర్చుకుంటారు, ఎలా?" అని అడిగావు. అది చదివి మీ బావగారు నవ్వారు. ఎందుకు నవ్వారో చివరికి నీకు తెలుస్తుంది.

ఆటోనగర్‌లో మా వర్క్‌షాపు నువ్వు చూసిందే. కాలిపోయిన మోటార్లు వస్తాయి, పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టి పంపుతాం. వైండింగు సెక్షను నాది. ఓనరు పెద్దాయన ఇప్పుడు ఇంట్లో ఉంటున్నారు, ఆయన కొడుకు దేవీప్రసాద్ చూసుకుంటున్నాడు. మంచి కుర్రాడు. దసరా వెళ్ళాక అతనూ మీ కంపెనీ లాంటి పనే మొదలుపెట్టాడు. సెక్షను పెద్దలు ప్రతివారం ఒక్కొక్కరిని ఏసీ గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, మంచి ప్రశ్నలు అడగాలి. ఆజ్ఞలు వద్దు, ప్రశ్నలే. ఏసీ గదంటే ఆఫీసు పక్కన అద్దాలతో కట్టినది.

మొదట మా సీనియరు వైండరు గవర్రాజుని పిలిచాను. అతను పనిముట్ల సంచీ మూట కట్టుకుని, చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"ఎక్కడికి గవర్రాజూ?" అన్నాను.

"ఏటి తెల్దా అప్పా? సెటిల్మెంటు ఎప్పుడిత్తారో సెప్పీయండి, ఎల్లిపోతాను. నా మీద ఏటి కంప్లయింటో అది కూడా సెప్పీయండి."

ఇక్కడివాళ్ళు అక్కను అప్ప అంటారు కదా, అతనికి నేను అప్పనే. ఇన్నాళ్ళూ ఆ అద్దాల గదిలోకి పిలిచిన ప్రతివాడూ ఉద్యోగం పోయి బయటికి వచ్చినవాడే. ఆ సంగతి దేవీప్రసాద్‌కి తెలియదు, నాకు తట్టలేదు. గవర్రాజుకి టీ తెప్పించి, సంచీ విప్పించేసరికి ఆ పూట గడిచిపోయింది. బయట మాత్రం అతని పెళ్ళాం తాయారుకి అప్పటికే ఎవరో ఫోను చేసి ఓదార్చేశారట.

మర్నాటి నుంచి ఆ గదికి తాళం. వార్నిషు ఆరబెట్టే ఓవెను షెడ్డు దగ్గర టీ తాగేచోట కూర్చున్నాం. శంకరం, నువ్వు వాళ్ళని ఎక్కడ కూర్చోబెడుతున్నావో ఒకసారి చూసుకో. కుర్చీకి కూడా పాత కథలుంటాయి.

ఇప్పుడు నీలిమ సంగతి. బొబ్బిలి దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. ఐటీఐ చదివింది. క్లాసులో ఒక్కతే ఆడపిల్లట. చదువయ్యాక ఎవరూ పని ఇవ్వక గాజువాకలో చీరల కొట్లో చేరింది. పొద్దుటినుంచి రాత్రిదాకా చీరలు విప్పడం, మడతపెట్టడం. అక్కడినుంచి మా దగ్గరికి వచ్చింది. ఏడాది ట్రైనింగు డిసెంబరుతో అయిపోతుంది. చేతి నేర్పు ఉంది. తీగ ఎంత ముద్దుగా చుడుతుందో చెప్పలేను. కాని చుట్టిన కాయిల్స్ కొసలు ఒకదానికొకటి కలిపే కనెక్షను పని దగ్గర తడబడేది. అది రాకపోతే వైండరు కాదు.

దేవీప్రసాద్ నాతో స్పష్టంగానే చెప్పాడు. "కామేశ్వరిగారూ, డిసెంబరు అయ్యేలోపల ఒక్క మోటారు ఎవరి సాయం లేకుండా తనే కనెక్షను ఇవ్వాలి. ఇస్తే పర్మనెంటు చేద్దాం. లేకపోతే చెయ్యలేం." ఆ మాట నేను నీలిమకి చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. "మళ్ళీ సీరల కొట్టుకి ఎల్లను మేడమ్" అంది, అంతే.

నేను కోచింగు మొదలుపెట్టాను.

"పని ఎలా ఉందమ్మా?"

"బాగుంది మేడమ్."

"ఇబ్బంది ఏమైనా?"

"ఏటీ లేదు మేడమ్."

"ఇంకా ఏం నేర్చుకోవాలనుకుంటున్నావు?"

"మీరేటి సెప్తే అది మేడమ్."

టీ చల్లారేది. ఇద్దరం లేచేవాళ్ళం. బల్ల దగ్గర ఆ పిల్ల చెయ్యి ఆగగానే, "ఇది ఎక్కడికి వెళ్ళాలి చెప్పు?" అని అడిగేదాన్ని. ప్రశ్నే కదా. అడిగి, ఊపిరి తీసుకుని, "ఇదిగో, ఇక్కడికి" అని నేనే చెప్పేసేదాన్ని. కొస నేనే పట్టుకుని కలిపేసేదాన్ని. నీ పెన్సిళ్ళు కూడా అలాగే చెక్కిపెట్టేదాన్ని, గుర్తుందా? పిల్ల కష్టపడకూడదని ఆరాటం. నీలిమ తల ఊపేది. మర్నాడు మళ్ళీ అదే చోట ఆగేది. మీ పుణెలోనూ తలలు అలాగే ఊగుతున్నట్టున్నాయి.

ఇంతలో కార్తీకం వచ్చింది. ఏటా సోమవారాలు ఉపవాసం ఉండి శివాలయంలో ప్రదక్షిణలు చేసేదాన్ని. ఈ ఏడు మోకాలు ఒప్పుకోలేదు. ప్రదక్షిణల బదులు మౌనం మొక్కుకున్నాను. సోమవారం పొద్దుట దీపం పెట్టినప్పటి నుంచి నక్షత్రం కనపడేదాకా మాట లేదు. దేవీప్రసాద్‌ని అడిగితే, "మీరు మాట్లాడినా మాట్లాడకపోయినా మాకు తేడా తెలియదులెండి" అన్నాడు. చేతిలో జపమాల ఉంటుంది కాబట్టి చెయ్యి కూడా ఖాళీ లేదు.

మొదటి సోమవారం నీలిమ సందేహంతో నా దగ్గరికి వచ్చింది. నేను పెదవుల మీద వేలు పెట్టుకుని, నువ్వే చెప్పమని సైగ చేశాను. ఆ పిల్ల ఇబ్బందిపడి, మొదలుపెట్టింది. "ఇది పైట మేడమ్. ఇది బొడ్డుకాడ దోపే కొస. పైటకి పైట తగలాలి కదా, మరి ఇక్కడ..." అంటూ అంటూ ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసింది. "వద్దులెండి మేడమ్, తెలిసిపోయింది" అని వెళ్ళిపోయింది.

నేను జపం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. ప్రతి కాయిల్‌కి మొదలు, చివర అని రెండు కొసలుంటాయి. నెలల తరబడి నేను మొదలు, చివర అనే చెబుతున్నాను. చుట్టేశాక రెండూ ఒకలాగే కనపడతాయి, ఆ మాటలు ఆ పిల్లకి ఒంటబట్టలేదు. చీరకైతే దోపే కొస ఏదో, పైట కొస ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. మోటారులో తిరగకుండా ఉండే గుండ్రటి గుల్ల స్టేటర్, దాని చుట్టూ వరసగా పేర్చిన కాయిల్స్ తనకి కుచ్చెళ్ళు. మొదటి కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని ఆఖరివి కిందకి దోపాలి, అచ్చం మేము చేసేదే. తనకు ఇంత తెలుసని నేను ఒక్కసారీ వినలేదు. వినేందుకు చోటు ఇస్తే కదా.

మంగళవారం నాకు మాట వచ్చింది. పిల్లకి మాట పోయింది.

అలా రెండు వారాలు. ఒకరోజు టీ దగ్గర గవర్రాజు నా ఎదురుగా గొంతుక్కూర్చుని, గ్లాసు ఊదుకుంటూ అన్నాడు:

"సోమారం నాడు నీలిమ బానే సేత్తాది అప్పా."

"శివుడి దయ" అన్నాను.

"శివుడికేటి పని? మంగళారం మీరు నోరిప్పుతారు, అదీ సంగతి."

పక్కన ఉన్న గోపి టీ పొలమారి దగ్గాడు. వాడిదీ బల్ల పనే, వాడూ నా ప్రశ్నలకు జవాబులు నా నోటినుంచే విన్నవాడు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషినని యాభై దాటేదాకా నన్ను నేను అనుకున్నాను. ఇంట్లో తక్కువే. బల్ల దగ్గర మాత్రం నా తర్వాతే ఎవరైనా. మీ బావగారు ఎందుకు నవ్వారో ఇప్పుడు తెలిసిందా? ఉక్కునగరంలో ఉండగా ఆయన కూర తరగడం మొదలుపెడితే కత్తిపీట ఎన్నిసార్లు లాక్కున్నానో ఆయన లెక్కపెట్టుకున్నారట.

మిగతా రోజుల్లో కూడా తగ్గించాలని చూశాను. ఒక్క ప్రశ్న అడిగి, లోపల "నమశ్శివాయ" అనుకుంటూ ఆగేదాన్ని. ఏది అడగాలో కూడా మార్చుకున్నాను. "ఇది ఎక్కడికి వెళ్ళాలి?" అంటే నాకు జవాబు తెలుసు, తను నా మనసులోది ఊహించాలి. అది పరీక్ష. "ఇప్పటిదాకా నువ్వేం చూశావు?" అంటే జవాబు నాకు తెలియదు. నిజంగా వినాలి. ఆ ప్రశ్నకి "బాగుంది మేడమ్" అనడం కుదరదు. అయినా పని తొందర ఉన్నప్పుడు నమశ్శివాయ పూర్తికాకుండానే నా నోరు తెరుచుకునేది. సోమవారాలే నన్ను ఆపేవి.

కార్తీకం అయిపోయింది. పోలి స్వర్గం నాడు దీపాలు వదిలాను. మొక్కు తీరింది.

ఇక్కడ నీకు ఒక సంగతి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు, మీ బావగారికి కూడా. మార్గశిరం వచ్చాక మొదటి సోమవారం వర్క్‌షాపులోకి వెళ్ళి, చేతిలో జపమాల పట్టుకుని, పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. మొక్కు లేదు, వ్రతం లేదు. ఉపవాసమూ లేదు, క్యారియరు ఖాళీ చేశాను. ఊరికే నోరు మూసుకుంటానంటే నాకే నమ్మకం లేదు. దేవుడి పేరు చెబితే తప్ప ఆగలేనని తెలిసింది. శివుడి పేరు చెప్పి పనివాళ్ళ దగ్గర అబద్ధం ఆడాను శంకరం. ఆ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు తలెత్తి చూడలేకపోయాను. అయినా తర్వాతి సోమవారం మళ్ళీ అదే చేశాను.

ఆ రెండో సోమవారమే ఈ సోమవారం. పోర్టువాళ్ళ మోటారు ఒకటి వచ్చింది. దేవీప్రసాద్ దాన్ని నీలిమ బల్ల మీద పెట్టించాడు. "ఇదే నీ మోటారు. ఎవరూ చెప్పకూడదు" అన్నాడు. పొద్దుటినుంచి ఆ పిల్ల వంచిన తల ఎత్తలేదు. మధ్యాహ్నానికి కొసలన్నీ కలిపి, గొట్టాలు తొడిగి, తాడుతో కట్టింది.

వార్నిషులో ముంచే ముందు మేమొక పరీక్ష చేస్తాం. తక్కువ కరెంటు ఇచ్చి, స్టేటర్ లోపల చిన్న బేరింగు గుండు వదులుతాం. కనెక్షను సరిగ్గా ఉంటే గుండు లోపలి గోడ వెంబడి గుండ్రంగా పరిగెడుతుంది. ఒక్క జత తలకిందులైనా ఆగిపోయి వణుకుతుంది.

నీలిమ గుండు వదిలింది. గుండు కాస్త దూరం కదిలి, ఆగి, వణికింది.

నాకు చూడగానే తెలిసిపోయింది. అవతలి వైపు, కింది వరసలో ఒక కొస. వేలితో చూపిస్తే చాలు. మోటారు వేళకి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల కూడా వెళ్ళిపోతుంది.

బయట మోటారు కోసం వచ్చిన పోర్టువాళ్ళ లారీ హారను కొట్టింది. దేవీప్రసాద్ వాచీ చూసుకున్నాడు. అతనే ఉండబట్టలేకపోయాడు. "కామేశ్వరిగారూ, చెప్పేయండి. పార్టీ ఆగడు. ఈ పిల్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

నేను పెదవుల మీద వేలు పెట్టుకున్నాను.

"ఇవాళ కూడానా?" అన్నాడు.

నీలిమ నావైపు చూసింది. నేను తన వైపు చూసి, కళ్ళతోనే అడిగాను. ఇప్పటిదాకా నువ్వేం చూశావు? అడిగింది అర్థమైందో లేదో తెలియదు. స్విచ్చి ఆపేసి, స్టేటర్ ముందు కూర్చుని, కొసల మీద వేళ్ళు పెట్టి, తనలో తను అనుకోవడం మొదలుపెట్టింది. "ఇది దోపు. ఇది పైట. పైటకి పైట. దోపుకి దోపు..." వేళ్ళు ఒక్కొక్క కుచ్చెల దాటుతున్నాయి. తప్పున్న చోటు దాటిపోయాయి. నా నాలుక పళ్ళ మధ్యకి వచ్చింది. గోరు జపమాల పూసలో దిగింది. ఆ పిల్ల వేళ్ళు గుండ్రంగా తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాయి. ఈసారి ఆగాయి.

"ఓలమ్మ! ఇక్కడ పైట లోపలికి ఎల్లిపోనాది" అంది.

తాడు కోసి, గొట్టం లాగి, కొసలు మార్చి కలిపింది. గుండు వదిలింది. అది ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, బయలుదేరి, గోడ వెంబడి గిర్రున తిరుగుతూనే ఉంది. ఆపేవాళ్ళు లేక అలా తిరుగుతూనే ఉంది. లారీవాడు కూడా లోపలికొచ్చి చూశాడు.

"సరే, ఇంక వార్నిషు!" అన్నాడు దేవీప్రసాద్. సాయంత్రం టీ దగ్గర నీలిమని పర్మనెంటు చేస్తున్నట్టు అందరి ముందూ చెప్పాడు. అద్దాల గదికి పిలవలేదు. నేర్చుకున్నాడు.

అప్పటికి చుక్క కనపడింది. ఇంక మాట్లాడవచ్చని, "బాగా చేశావమ్మా" అన్నాను.

గవర్రాజు గ్లాసు పక్కన పెట్టాడు. "అప్పా, ఒక మాట అడగనా? కార్తీకం ఎల్లిపోయి ఎన్నాళ్ళయింది?"

నేను టీ గ్లాసు అందుకున్నాను.

"కేలండరు మీ కుర్చీ ఎనకాలే ఏలాడతంది. మీరొక్కరే సూడరు. మేం రోజూ సూత్తాం."

గోపి అటు తిరిగి నవ్వాడు. నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు నీలిమ అంది: "మాకు ముందే తెలుసు మేడమ్. మీరు మాటాడకుండా ఉండడానికి ఎంత కట్టపడతన్నారో సూసి, ఎవరూ అడగొద్దని నానే సెప్పినాను."

అంటే చూడు శంకరం. నేను వాళ్ళకి నేర్పుతున్నాననుకున్న రోజుల్లో, వాళ్ళంతా కలిసి నాకు చోటిచ్చి, నేను నేర్చుకునేదాకా ఊరుకున్నారు.

నీ వాళ్ళు నీకు ఏం చెప్పాలనుకుంటున్నారో నాకు తెలియదు. నీ దగ్గర ఎవరైనా గవర్రాజు ఉంటే టీ ఇప్పించి అడుగు. అడిగాక ఆగు. ఎక్కువ చెప్పను. చెబితే మళ్ళీ మొదటికే వస్తాను.

నిన్న గురువారం. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర ఎంత జనం ఉంటారో నీకు తెలుసు. శివుడి పేరున ఆడిన అబద్ధం అమ్మవారికి చెప్పుకుందామని బయలుదేరితే, నీలిమ తనూ వస్తానంది. ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నా అమ్మవారిని చూడనే లేదట. వరసలో నిలబడ్డాం. అక్కడ పైకప్పు లేదు, అడ్డం లేదు, ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు కదా. పూజారిగారు పక్కకి నిలబడి, "కానివ్వండమ్మా, కానివ్వండి" అంటారు, అంతే.

మా వంతు వచ్చింది. పళ్ళెం నీలిమ చేతికిచ్చి నేను వెనక నిలబడ్డాను. ముందు పసుపు, తర్వాత కుంకుమ, ఆ తర్వాత పూలు అని చెప్పబోయి ఆగాను.

ఆ పిల్ల ముందు పూలు పెట్టింది. అమ్మవారు ఏమీ అనలేదు.

నీ ఉత్తరం కోసం మీ బావగారు కూడా ఎదురు చూస్తుంటారు. ఆశాజ్యోతికి, పిల్లలకి నా ముద్దులు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దక్క,
కామేశ్వరి.